అద్దం అవతల కట్లపాము

మాగాణి ఊళ్లో పాము వింత కాదు. పొన్నూరు చుట్టూ వరికోతలప్పుడూ, ఆ వెనకే మినుము పీకేటప్పుడూ అది కనపడని ఏడాది ఉండదు. కనపడ్డా దానికి మనమిచ్చే టైము ఎంతని? కర్ర అందుకునేదాకా, లేదంటే గట్టెక్కేదాకా. తీరిగ్గా దాని తీరుతెన్నులు చూసినవాళ్లు మావైపు యానాదులే. అందుకే నిడుబ్రోలులో మద్రాసు బండెక్కినప్పుడే మామయ్యా వాళ్లని గిండీ పాముల పార్కుకి తీసుకెళ్లాలనుకున్నాను.

రోములస్ విటేకర్ 1972లో అక్కడ ఏర్పాటు చేసిన ఈ పార్కు పెద్దదేం కాదు. పక్కన పిల్లల పార్కు, పొరుగున గవర్నర్ బంగళా. మొసళ్లూ తాబేళ్లూ కూడా ఉన్నాయి. మొసలి ఎంతకీ కదలదేంటని పిల్లలు విసుక్కున్నారు. మామయ్య మాత్రం కట్లపాము దగ్గర ఆగిపోయాడు.

నీలం మెరిసే నల్లటి ఒళ్లు. దానిమీద సన్నటి తెల్లకట్లు, చాలాచోట్ల జతజతలుగా. తలవైపు ఆ కట్లు మసకగా ఉండి, తోకవైపు పోయేకొద్దీ తేటపడతాయి. దీన్ని పోలిన, విషంలేని చిన్నపాము ఇంకోటుంది. దానికి తిరగబడి ఉంటుంది లెక్క: మెడ దగ్గర కట్లు స్పష్టం, తోక దగ్గర మాయం. మామయ్య అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసి, "ఒరేయ్, మొన్న గేదెల పాకలో కొట్టింది ఇది కాదురా. దానికి మెడ దగ్గరే కట్లు బాగా కనపడ్డాయి" అన్నాడు. కట్లపాము రాత్రిపూట, నేలమీద పడుకున్నవాళ్లని కాటేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోతుంటాయి. పోల్చుకోవాల్సిన పామంటే ఇదీ.

పక్క గదిలో రక్తపింజర. వీపున గొలుసులా మచ్చలు. ఆ బుస, సైకిల్ ట్యూబులో గాలి వదిలినట్టు, ఆగకుండా సాగుతుంది.

పాములు పాలు తాగవని అక్కడి ఉద్యోగి ఒకాయన తెలుగూ అరవం కలిపి చెప్పాడు. నాగులచవితికి పుట్టలో పాలూ, చలిమిడీ, చిమ్మిలీ పెట్టే అత్తయ్య చలించలేదు. "నేను పోసేది స్వామికి నాయనా. తాగేదీ తాగందీ ఆయనిష్టం." ఊళ్లో పాముల పగవాడైన గరుత్మంతుడి భారీ విగ్రహానికీ ఆవిడ భక్తిగానే దణ్ణం పెడుతుంది. రెండు పక్షాలతోనూ మంచిగా ఉండటం డెల్టా జనం తెలివి. 2018లో దివిసీమలో పాముకాట్లు పెరిగినప్పుడు మోపిదేవి గుళ్లో శాంతిహోమమూ జరిగింది, ఆస్పత్రుల్లో మందూ నడిచింది.

ఆ మందు వెనక తమిళనాట పాములుపట్టే తెగవాళ్లు, ఇరుళర్లున్నారు. పాముతోళ్ల వ్యాపారం ఆగిపోయి బతుకుతెరువు పోయినవాళ్లు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. పామును పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. ఆ విషం గుర్రాలకి కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తంలోంచి విరుగుడు తీస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే ఇంజెక్షన్. ఇరుళర్లలో వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇంచుమించు అంతే విద్య ఉన్న మన యానాదులకి ఎలుకలు పట్టిన కూలి తప్ప మనమేమిచ్చాం? నాకిది మింగుడుపడదు.

2000 నుంచి 2019 దాకా దేశంలో ఏటా సగటున 58 వేలమంది పాముకాటుకు పోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనవీ ఉన్నాయి. కాట్లు ఎక్కువగా పడేది కాళ్లమీదే. ఇది విన్న మా బావ సాయంత్రం ప్యారిస్ కార్నర్‌లో కూలీలక్కూడా కలిపి గమ్‌బూట్లు బేరమాడాడు. "దమ్ముచేసిన చేలో వేస్తే కాలొస్తుంది గానీ బూటు రాదురా" అని మామయ్య అడ్డుపడ్డాడు. మినుము పీకేటప్పటికైనా పనికొస్తాయని బావ, నాలుగు జతలకే డబ్బిస్తానని మామయ్య. కొట్టువాడు మాత్రం ఆరుకు తక్కువైతే బేరం కుదరదన్నాడు.