మైపాడు దారిలో కారిన కారు

నెల్లూరు సీమకు వాన తక్కిన తెలుగు జిల్లాలకు వచ్చినట్లు శ్రావణ భాద్రపదములలో విరివిగా రాదు. మాకు వానకాల మనగా ఆశ్వయుజ కార్తికములే. ఏడాదిలో కురియు వానలో సగమునకు పైగా అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు గల మూడు నెలలలో ఈశాన్యపు గాలులతో వచ్చి పడును. కార్తిక పూర్ణిమయు ఆ దినములలోనే వచ్చును. సముద్రస్నానమునకై మా వారందఱు మైపాడు బయలుదేరుటయు అప్పుడే. కావున వానయు, యాత్రయు, మోటారుకారును ఒక్కచోట చేరుట మాకు ఏటేటి ముచ్చట.

నెల్లూరు నుండి మైపాడు ఇరువది కిలోమీటర్లకు పైచిలుకు. ఇందుకూరుపేట మీదుగా పోవునపుడు దారికి ఇరువైపుల వరిమడులు, వాని నడుమ రొయ్యల గుంటలు. గుంటలలో నీటిచక్రములు నురుగు లెగజిమ్ముచు తిరుగుచుండును. సముద్రము కనబడుటకు ముందు బకింగుహాము కాలువ వచ్చును. 1877-78 కఱవులో అన్నము లేనివారికి కూలి కల్పించుటకై దానిని పొడిగించి త్రవ్వించిరి. నాటి మద్రాసు గవర్నరగు బకింగుహాము ప్రభువు పేరు దానికి నిలిచినది. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ వేళ ఎగసివచ్చిన నీరు చాలవఱకు ఈ కాలువలో పడి, ఆ దారినే వెడలుటచే పడమటి యూళ్లకు పోటు తగ్గినది. కాలువ దాటినచో సరుగుడు తోపులు. గాలి వీచునపుడు తోపు చప్పు డేదో, సముద్రపు చప్పు డేదో పోల్చుకొనుట కష్టము. ఆ నీడ మనుష్యులకు ఎంత హితమో కారునకు అంత చేటు. అది యెట్లో చెప్పెదను.

క్రిందటి కార్తికమున మా యత్తగారు ఎప్పటివలె ముందటి సీటున, ఎడమవైపున కూర్చుండిరి. ఆమెకు ఉబ్బసము. మైపాడు ఆమె పుట్టినిల్లు. పూర్ణిమకు అక్కడికి పోవుట ఆమె యే యేడును మానలేదు. ఇంకను ఊరు దాటక మునుపే ఆమె కాళ్లు ముడుచుకొని, "అమ్మాయ్, కింద చెమ్మగా ఉండాదే" అనిరి. కాళ్లక్రింది చాప యెత్తి తివాచీని వ్రేలితో నొక్కగా నీరు ఉబికెను. అంతకు రెండు వారములుగా కారులో బూజు వాసన. ఆ వాసన తగిలినపు డెల్ల ఆమెకు దగ్గు తెఱలు వచ్చుచుండెను. వైద్యుడు బూజున్నచోట ఆమెను కూర్చుండనీయవలదని ముందే చెప్పియుండెను. నెల్లూరిలో నొక పనివాడు ముందటి యద్దము చుట్టును నల్లని బంక పూసి, రూకలు పుచ్చుకొని, ఇక చుక్క రాదని పంపియుండెను. "ఇట్లయితే వచ్చే యేటికి నన్ను బస్సెక్కించండి నాయనా" అని ఆమె మా వారితో నవ్వుచు అనిరి గాని, ఆ నవ్వు మాకు నచ్చలేదు. బస్సులో నిలుచుండి పోగల వయస్సు కాదు ఆమెది.

సోదరీమణులారా, కారులో నీరు కనబడినచోటనే నీరు పుట్టినదని యనుకొనరాదు. అద్దమువద్ద పడిన నీరు రేకు వెంబడి ప్రాకి సీటు క్రింద తేలును. మా యత్తగారు అడిగిన ప్రశ్నయే అన్నిటికంటె మేలైనది: "ఎండలో తడస్తాదా, వానలో తడస్తాదా?"

ఎండలో తడిసినచో అది ఏసీ నీరు. మన తీరపు గాలిలో తేమ మెండు. చల్లని గొట్టములకు తగిలి ఆ తేమ నీరై దిగును. దానిని క్రిందికి వదలు సన్నని రబ్బరు గొట్టము పూడిన యెడల నీరు వెనుకకు తన్ని కాళ్లకడకు వచ్చును. ఆ నీరు తేటగా, వాసన లేక యుండును. రంగుతో, జిగటగా, తీపి వాసనతో నున్నచో అది ఇంజనును చల్లబరచు ద్రవము. అది విషము, పిల్లలను దగ్గరకు రానీయక కారును వెంటనే చూపవలయును. వానలోనే తడిసినచో దారి వేఱు.

మఱునాడు మైపాడులో ఎండ కాసినది. ఏసీ గంటసేపు నడిపి చూచితిమి. క్రొత్త తడి లేదు. అంతట మేనమామగారి దొడ్డిలో కారు నిలిపి, నేను దీపముతో లోపల కూర్చుంటిని. మా వారు గొట్టముతో నీరు పట్టిరి. ఇందులో నొక నియమ మున్నది. క్రిందినుండి పైకి, ఒక్కొక్క చోటనే కొంతసేపు పట్టవలయును. పైనుండి పోసినచో నీరు అంతట పారి ఏ సందున దూరినదో తెలియదు. తలుపులకు పట్టినపుడు ఏమియు లేదు. ముందటి యద్దము క్రింద, తుడుపుపుల్లల మొదట నుండు నల్లని జాలిమీద పట్టగానే, గాలి వచ్చు దారి వెంట నీరు చిటచిట రాలి తివాచీపై పడెను. (ఈ తుడుపుపుల్లలకు 1903లో పేటెంటు పొందినది అమెరికా వనిత మేరీ ఆండర్సన్ అని మీలో నెందఱెఱుగుదురో! మంచులో ట్రాము నడుపువాని యవస్థ చూచి ఆమెకు ఆ యూహ తోచినదట.)

జాలి విప్పితిమి. దానిక్రింద నొక సన్నని తొట్టి యున్నది. అద్దముమీది వాన అందులో దిగి, రెండు ప్రక్కల రంధ్రములనుండి చక్రములకడ బయటికి పోవలయును. తొట్టి నిండ సరుగుడు ఆకులు, కుళ్లి బురదయై పేరుకొనియున్నవి. దానిలో దసరానాటి బంతిరేకులు, అక్షతలు కూడ! మా యత్తగారు వంగి చూచి, "కలుజు పూడిపోయినాక చెరువు కట్ట తెగక ఏం జేస్తాది?" అనిరి. ఎన్ని డబ్బాల బంక పూసినను ఏమి లాభము? చీపురుపుల్లతో రంధ్రములు తెఱచి, చెంబెడు నీరు పోయగా నేలపై ధార కట్టెను.

ఆరబెట్టుటయే పెద్ద పని. తివాచీక్రింద మందపాటి స్పంజి యుండును. పైన పొడిగా నున్నను అది నీరు త్రాగియుండును. అడుగున తీగలును, వాని కూడళ్లును గలవు. తడి నిలిచినచో చిలుము పట్టును. సీటు విప్పించి, పాత నూలుచీరలతో అద్ది, మూడు దినముల యెండ చూపితిమి. ముసురులో కిటికీలు తెఱచియుంచుట వ్యర్థము, బయటిగాలియే తడి. అద్దములు మూసి ఏసీ నడుపుట మేలు. సాంబ్రాణి వేయుడని పొరుగువారు చెప్పిరి. బూజు పోదు సరికదా, ఉబ్బసపువారికి ఆ పొగ యింకొక బాధ.

తలుపుల రబ్బరుపట్టీ సడలినదో లేదో తెలియుటకు మన ముగ్గుపిండి చాలును. పట్టీకి పలుచగా అద్ది తలుపు మూసి తెఱచినచో, గీత తెగినచోటు సందు. తలుపు అడుగంచున గల చిన్న రంధ్రములను మాత్రము మూయరాదు. అవి నీరు పోవుటకే పెట్టినవి.

సముద్రపు నీటి సంగతి వేఱు. తడిచీరలతో కారెక్కినచో ఆ యుప్పు తివాచీలో నిలిచి, ఆరినను మఱల గాలిలోని చెమ్మను పీల్చుకొనును, రేకును తినును. మంచినీటితో కడిగిన పిమ్మటనే ఆరబెట్టవలయును. మేము తడిబట్టలకు మూత బకెట్టు నొకటి తీసికొని పోవుదుము.

వరదనీరు కారులో చొచ్చినపుడు పై మాట లేవియు చెల్లవు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు వద్ద జాతీయ రహదారి తెగినపుడు ఈ సీమవారు వరద యననేమో చూచిరి. మునిగిన కారును స్టార్టు చేయరాదు. సిలిండరులో నీరున్నచో, గాలి నొక్కినట్లు నీటిని నొక్కుట సాధ్యము గాక లోపలి కడ్డీ వంగిపోవును. అట్టి నష్టమును సామాన్య భీమా పత్రములు తఱచు ఒప్పుకొనవు. బ్యాటరీ తీగ విప్పించి, త్రోయించుకొని పోవుటయే మార్గము.

ఈ యేడు ఆయుధపూజకు ముందునాడే మా యత్తగారు చీపురుపుల్లను మా వారి చేతికిచ్చి జాలి విప్పించిరి. పూలదండను మాత్రము అద్దముక్రింద గాక ముందటి నంబరుపలకకు కట్టించిరి.