నలభై వేల ఆదా

మా బావగారు ఇప్పటికీ నలుగురు చేరిన చోటల్లా ఆ మాట అంటారు: "మా మరదలికి కంప్యూటర్ కొనడంలో నలభై వేలు మిగిల్చింది నేనే." 2022 జనవరిలో ఆయన ఇప్పించిన మెషిన్ 1,35,000. నేను కొనాలనుకున్నది 1,75,000. తీసివేత వరకు ఆయన లెక్కలో తప్పు లేదు. ఆ లెక్క అక్కడే ఆగిపోయిందన్నదే నా బాధ. రెండేళ్లు ఆ మెషిన్ ముందు కూర్చుని పని చేసినదాన్ని కాబట్టి మిగతా లెక్క నేనే చెప్పాలి.

నేను యూసఫ్‌గూడలో ఉంటూ లిరికల్ వీడియోలు, పెళ్లి ఫిల్ములు, చిన్న యాడ్లకు మోషన్ గ్రాఫిక్స్ చేస్తాను. బావగారు గచ్చిబౌలిలో సర్వర్ల పని చూస్తారు. ఆ పనిలో ఆయన్ని మించినవాళ్లను నేను చూడలేదు, ఆ గౌరవం నాకు ఎప్పుడూ ఉంది. చిక్కల్లా ఆయన నా పనిని కూడా సర్వర్ పనిలాగే చూడడం. ఆయన ఎంచింది ఒక రీఫర్బిష్డ్ వర్క్‌స్టేషన్: రెండు జియాన్ గోల్డ్ 6148 ప్రాసెసర్లు, ఒక్కోదానిలో 20 కోర్లు, 128 జీబీ ఈసీసీ ర్యామ్, 8 జీబీ క్వాడ్రో పీ4000 కార్డు. నా కొటేషన్ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తీసుకున్నది: కోర్ ఐ7 12700కే, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, 64 జీబీ ర్యామ్. అప్పట్లో క్రిప్టో మైనింగ్ పుణ్యమా అని గ్రాఫిక్స్ కార్డుల ధరలు మండిపోతున్నాయి. "ఆ ధరకి గేములాడే పిల్లల కార్డు కొంటావా? ఇది ఇంజనీర్లు వాడే మెషినమ్మా, నా మాట విను" అన్నారు.

వినాల్సి వచ్చింది. ఎందుకంటే కొనే డబ్బులో యాభై వేలు అక్క ఇచ్చిన చేబదులు.

ముందు కొనుగోలు లెక్కే చూద్దాం. నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది, ఏజెన్సీల పని చేయాలంటే తప్పదు. 1,75,000 బిల్లులో 18 శాతం జీఎస్టీ అంటే 26,695. అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వచ్చేది. అప్పుడు ఆ మెషిన్ నాకు పడే ధర 1,48,305. రీఫర్బిష్డ్ దాని మీద నాకు క్రెడిట్ రాలేదు, 1,35,000కి 1,35,000. కాబట్టి అసలు తేడా నలభై వేలు కాదు, 13,305. ఆ తర్వాత యూపీఎస్. రెండు ప్రాసెసర్లే చెరో 150 వాట్లు లాగుతాయి. కార్డు, రెండు మానిటర్లు కలిపితే నా పాత ఒక కేవీఏ యూపీఎస్ మోయలేక అరవడం మొదలుపెట్టింది. కొత్తది 16,500, క్రెడిట్ 2,517 పోగా 13,983. పదమూడు వేల మూడు వందల ఐదు మిగిలాయనుకుంటే పదమూడు వేల తొమ్మిది వందల ఎనభై మూడు ఖర్చయ్యాయి. మొదటి ప్రాజెక్టు తెరవకముందే 678 రూపాయలు నా చేతి నుంచి పోయాయి. ఈ లెక్క అప్పుడే కాగితం మీద రాసి బావగారికి చూపించాను. "పైసల దగ్గర చూసుకుంటే పెద్ద పని చేయలేవు" అన్నారు. నా సంపాదన లెక్క నేను చూసుకోవడాన్ని ఆ మాటతో కొట్టిపారేయడం ఇవాళ్టికీ మింగుడు పడలేదు.

ఇక పని. సర్వర్ మీద వందల మంది ఒకేసారి రకరకాల పనులు అడుగుతుంటారు, అక్కడ కోర్లు ఎన్ని ఉంటే అంత మేలు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో నేను ఒక్క లేయర్ జరిపి, ఒక్క ఎక్స్‌ప్రెషన్ మార్చి, ఆ మార్పు తెర మీదకి వచ్చేదాకా ఆగుతాను. అక్కడ ఒక్క కోర్ ఎంత వేగంగా పరిగెడుతుందన్నదే ముఖ్యం. 6148 మామూలు వేగం 2.4 గిగాహెర్ట్జ్, ఎంత తొక్కినా 3.7. నా కొటేషన్‌లోని 12700కే 5 దాకా వెళ్తుంది. ఒక పాట పల్లవికి అక్షరాలు ఒక్కొక్కటిగా ఎగిరివచ్చే యానిమేషన్ చేస్తూ టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకునేదాన్ని. రెండు ప్రాసెసర్లు, నలభై కోర్లు, ఎనభై థ్రెడ్లు కాబట్టి తెర నిండా ఎనభై చిన్న గళ్లు. నాలుగైదు గళ్లలో గీత పైకి లేచేది. మిగతావన్నీ నేలకు అంటుకుని ఉండేవి. నేను డబ్బు కట్టింది ఆ నేలకు అంటుకున్న గీతలకు. 2021 అక్టోబర్‌లో మల్టీఫ్రేమ్ రెండరింగ్ వచ్చాక ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎక్కువ కోర్లకు పని దొరికిన మాట నిజమే. నా రోజులో ఎక్స్‌పోర్ట్ ఎంతసేపని? రోజంతా గడిచేది టైమ్‌లైన్ మీదే.

పెళ్లి ఫుటేజ్ దగ్గర ఇంకా కష్టం. మా కెమెరామెన్ అప్పుడే సోనీ ఏ7 ఫోర్‌కి మారాడు. అది 4కే లో హెచ్.265, 10 బిట్, 4:2:2 ఇస్తుంది. రంగులు దిద్దడానికి బంగారం లాంటి ఫుటేజ్. అప్పట్లో పీసీలో దాన్ని సాఫీగా విప్పాలంటే ఇంటెల్ ప్రాసెసర్ గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్ కావాలి. ఆ జియాన్‌లలో ఇన్-బిల్ట్ గ్రాఫిక్సే లేదు కాబట్టి క్విక్ సింక్ లేదు. పీ4000కి 4:2:2 విప్పడం రాదు. జీలకర్ర బెల్లం షాట్ ప్లే చేస్తే వధూవరుల చేతులు పైకి లేచి అక్కడే ఆగిపోయేవి, మేళం మాత్రం వినిపిస్తూ ఉండేది. పక్కన కుర్చీలో పెళ్లికూతురి తండ్రి. ఆయనకి ఫుటేజ్ పాడైపోలేదని ముందు నమ్మకం కలిగించి, తర్వాత ఎడిట్ చూపించాలి. అందుకని ప్రతి పెళ్లికీ రాత్రంతా ప్రాక్సీలు చేయడానికి పెట్టి పడుకునేదాన్ని.

ఈ ఎదురుచూపులకు వెల కట్టాలి. నా గంటకు 400 రూపాయలు. రోజుకు గంటన్నర ఊరికే తెర చూస్తూ కూర్చున్నాననుకుంటే, నెలకు 25 పనిదినాలకు 37.5 గంటలు, 15,000 రూపాయలు. ఆ గంటలన్నీ నాకు పనిగా మారేవని చెప్పను, సగమే వేసుకుంటాను. నెలకు 7,500, రెండేళ్లకు 1,80,000. చివరికి ఆ మెషిన్ అమ్మితే వచ్చింది 48,000. అమీర్‌పేటలో సర్వర్ కోర్సులు చెప్పేవాళ్లు తీసుకున్నారు, వాళ్లకి అది అతికినట్టు సరిపోయింది. కొన్నది 1,35,000 కాబట్టి 87,000 అరిగింది. యూపీఎస్ ఇప్పటికీ వాడుతున్నాను, దాన్ని ఇందులో కలపను. మొత్తం 2,67,000. నెలకు 11,125.

2024 మొదట్లో నా డబ్బుతోనే కొత్త మెషిన్ బిల్డ్ చేయించాను. మే 13న పోలింగ్, ప్రచార వీడియోల పని ముంచుకొస్తోంది, ఇంక ఆగడానికి లేదు. ఐ7 14700కే 39,500. ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ 62,500. మదర్‌బోర్డు 22,000. 64 జీబీ డీడీఆర్5 ర్యామ్ 19,000. ఎన్‌వీఎంఈలు రెండు, సాఫ్ట్‌వేర్‌కి ఒకటి, ఫుటేజ్‌కి ఒకటి, కలిపి 20,500. 850 వాట్ల పవర్ సప్లై 10,500. కూలర్ 8,500. క్యాబినెట్ 7,500. మొత్తం 1,90,000. జీఎస్టీ క్రెడిట్ 28,983 పోతే 1,61,017. ఆదాయపు పన్ను లెక్కలో కంప్యూటర్ల మీద తరుగుదల 40 శాతం, ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడాను కాబట్టి సగమే, 20 శాతం: 32,203. మరుసటి ఏడాది 40 శాతం: 51,525. జీఎస్టీ క్రెడిట్ తీసుకున్న భాగం మీద మళ్లీ తరుగుదల రాదని గుర్తుంచుకోవాలి. 20 శాతం శ్లాబులో సెస్‌తో కలిపి ఆ రెండేళ్లలో పన్ను సుమారు 17,400 తగ్గింది. ఊహాత్మక పద్ధతిలో రిటర్ను వేసేవాళ్లకు ఇది విడిగా దొరకదు.

పన్ను తగ్గిందన్నది పక్కన పెట్టి, నాలుగేళ్ల తర్వాత ఈ మెషిన్‌కి రూపాయి రాదనుకున్నా నెలకు 3,355. ఎదురుచూపు రోజుకు ఇరవై నిమిషాలకు దిగింది, అదే సగం లెక్కన నెలకు 1,667. మొత్తం 5,022. పాతదానికి 11,125. ఎన్నికల సీజన్‌లో రాత్రి పదకొండుకి స్క్రిప్ట్ పంపి పొద్దున ఏడుకి వీడియో అడిగినా కాదనకుండా ఇచ్చాను. ముందుగా ప్రచార వీడియోల పని ఇచ్చిన సంస్థే మిగతావాళ్లకు నా నంబర్ ఇచ్చింది. ఇంకొకటి కూడా చెప్పాలి: 13, 14వ తరం చిప్‌లలో వోల్టేజి సమస్య అదే ఏడాది బయటపడింది. ఇంటెల్ బయోస్ అప్‌డేట్ ఇచ్చి వారంటీ రెండేళ్లు పెంచింది. అప్‌డేట్ వచ్చిన వెంటనే వేయించాను.

ఈ బిల్డ్ చేయించే ముందు మ్యాక్ స్టూడియో కూడా చూశాను, అప్పుడు 2,09,900 నుంచి మొదలు, తర్వాత ర్యామ్ పెంచుకోలేం. ల్యాప్‌టాప్ వేడికి నాకు పనికిరాదు. వాయిదాల మీద తీసుకుందామన్నా, నో కాస్ట్ ఈఎంఐలో కూడా వడ్డీ మీద జీఎస్టీ పడుతుంది.

కొత్త మెషిన్ చూసి బావగారు అన్నది ఇది: "అప్పట్లో ఈ టెక్నాలజీ లేదుగా." ఉంది. 12700కే 2021 నవంబర్‌లోనే వచ్చింది, నా కొటేషన్‌లో దాని పేరు ఉంది, ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. అక్క ముఖం చూసి ఊరుకున్నాను. కానీ అప్పు ఇచ్చిన చేయి డబ్బుతోపాటు నిర్ణయాన్ని కూడా తీసుకోవడం మన ఇళ్లలో మామూలైపోయింది. ఆడపిల్ల సొంతంగా చేసుకునే పనైతే మరీను. యాభై వేలు ఇచ్చినవాళ్లకు యాభై వేలు తిరిగి ఇవ్వాలి, వడ్డీ అడిగితే వడ్డీ కూడా ఇవ్వాలి. ఏ ప్రాసెసర్ కొనాలో చెప్పే హక్కు ఆ వడ్డీలోకి రాదు.

ఇప్పుడు కొనబోయేవాళ్లకు నా మాట. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగిశాయి, కాబట్టి పాత మెషిన్‌లోని డీడీఆర్5 ర్యామ్ పనికొస్తే పారేయకండి. 4:2:2 ఫుటేజ్ చేసేవాళ్లు ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ గానీ, ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డు గానీ తీసుకోండి. డబ్బు కట్టకముందు మీ సొంత ఫుటేజ్, మీ చేతిలో ఉన్న బరువైన ప్రాజెక్టు ఒక ఎస్‌ఎస్‌డీలో వేసుకుని షాపుకి వెళ్లండి. అక్కడి మెషిన్ మీద ప్లే చేసి చూపించమనండి. చూపించనంటే అక్కడ కొనకండి.