ఇల్లంతా తిరిగిన రోజులు

ఆ వానాకాలం మా మరైగూడలో ఇంటింటా జలుబూ జ్వరమూ. నాకు జ్వరం తగ్గిన కొన్నాళ్లకే, ఒక తెల్లవారుజామున పక్కకు ఒత్తిగిల్లగానే ఇంటి వాసాలు గిర్రున తిరిగాయి. కళ్లు మూసుకున్నా ఆగలేదు. లేవబోతే ఎడమవైపు ఒరిగిపోయాను. గుక్కెడు నీళ్లు తాగినా వాంతి. ఎడమ చెవిలో ఒకటే హోరు, ఆ చెవికి మాట సరిగా అందడం లేదు.

"పైత్యం చేసింది" అన్నారొకరు. "నీరసం, సెలైన్ ఎక్కిస్తే సరి" అన్నారు మరొకరు. పెద్దమ్మ చెవిలో పోయడానికి నూనె కాచబోతుంటే అన్నయ్య వద్దని ఆటో పిలిచాడు. మా జిల్లా కేంద్రం సుక్మా అయినా, జబ్బు చేస్తే మా దారి లక్ష్మీనగరం మీదుగా భద్రాచలానికే.

డాక్టరమ్మ ముందు నా మాట తడబడుతోందా, చేతుల్లో పట్టు ఉందా, ఒకటి రెండుగా కనిపిస్తోందా అని చూశారు. పక్షవాతం కూడా ఒక్కోసారి ఇలాగే మొదలవుతుందట. తర్వాత నా కళ్లను గమనించారు. నల్లగుడ్లు ఒకే పక్కకు టకటకా కొట్టుకుంటున్నాయి.

"జలుబు తర్వాత లోపలి చెవికి వాపొచ్చిందమ్మా" అన్నారు. అక్కడ ద్రవం నిండిన మూడు సన్నని గొట్టాలుంటాయనీ, తల ఎటు కదిలిందో మెదడుకు చెప్పేది అవేననీ వివరించారు. ఒక చెవి దెబ్బతింటే, కాడిలో ఒక ఎద్దు కుంటుపడిన బండిలా ఒళ్లు పక్కకు లాగుతుంది. వినికిడి పరీక్ష చేసి స్టెరాయిడ్ మాత్రలు రాశారు. వినికిడి తగ్గితే ఆలస్యం చేయొద్దని అన్నయ్యకు గట్టిగా చెప్పారు.

తల తిరుగుడు ఆపే మాత్రలు మాత్రం రెండు మూడు రోజులకే ఇచ్చారు. ఎక్కువ రోజులు వాడితే మెదడు కొత్త లెక్కకు అలవాటు పడదట. "ఇక పడుకోకు, కదులు" అన్నారు. బొటనవేలి మీద చూపు నిలిపి తల అటూ ఇటూ తిప్పడం, లేచి కూర్చోవడం, నడవడం నేర్పారు. ఇలాంటి వ్యాయామాలను 1940ల్లో బ్రిటన్‌లో కాథార్న్, కుక్సీ అనే వైద్యులు తలకు గాయాలైన సైనికుల కోసం రూపొందించారని తర్వాత చదివాను.

చేసినప్పుడల్లా కడుపులో తిప్పేది. అయినా పెద్దమ్మ చెయ్యి పట్టుకొని పొలం గట్టు మీద నడిచాను. వారాలు గడిచేకొద్దీ చెయ్యి వదిలేశాను. చీకట్లో నడక కుదురుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. వినికిడి చాలావరకు తిరిగొచ్చింది.

ఇప్పుడు మా ఊళ్లో ఎవరికి కళ్లు తిరిగినా నీరసమని వదిలేయనివ్వను. మాట తడబడినా, చెవి వినబడకపోయినా ఆ పూటే బయల్దేరదీస్తాను. మంచం పట్టినవాళ్లను దగ్గరుండి నడిపిస్తాను.