ఎనిమిది మాత్రల ఉల్లాసం

తెలుగు పండితుడు చార్ల్స్‌టన్ నాట్యం గురించి వ్రాయడమేమిటని మిత్రులు కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోనివ్వండి. మన శాస్త్రకారులు నృత్తాన్ని మార్గమనీ దేశి అనీ రెండుగా విభజించారు. శాస్త్రం విధించిన దారిలో నడిచేది మార్గం. ఆయా ప్రాంతాల జనులు తమ రుచిని బట్టి, తమ ఆనందం కోసం ఆడుకునేది దేశి. కాకతీయ గణపతిదేవుని గజసేనాపతి అయిన జాయప 13వ శతాబ్దిలో నృత్తరత్నావళి రచిస్తూ ఎనిమిది అధ్యాయాలలో నాలుగింటిని దేశికే కేటాయించాడు. జనం ఆడుకునేదానికి సగం గ్రంథం ఇచ్చిన ఆ సేనాని కళ్ళతో చూస్తే, 1920లలో అమెరికాను ఊపివేసిన చార్ల్స్‌టన్, లిండీ హాప్ అనే రెండు నాట్యాలూ అచ్చమైన దేశి. నూరేళ్ళు గడిచినా వాటి ఆకర్షణ తగ్గలేదెందుకన్న ప్రశ్న కొంతకాలంగా నన్ను వదలడం లేదు. ఈ టపా దాని గురించే.

చార్ల్స్‌టన్ అనేది దక్షిణ కరొలైనా రాష్ట్రంలోని ఒక రేవుపట్టణం. ఆఫ్రికా నుండి బానిసలుగా తెచ్చిన మనుషులను అమెరికా నేల మీద దింపిన రేవులలో ముఖ్యమైనది. 1739లో ఆ ప్రాంతపు బానిసలు తిరుగుబాటు చేశారు. మరుసటి ఏడు వచ్చిన చట్టం వారికి డప్పులను నిషేధించింది. డప్పు చప్పుడుతో ఒకరికొకరు కబురు పంపుకుంటారని యజమానుల భయం. డప్పు పోతేనేమి, ఒళ్ళు ఉన్నది కదా! అరచేతులు, తొడలు, రొమ్ము, మడమలు, వీటినే వాద్యాలుగా చేసుకుని వారు తమ లయను కాపాడుకున్నారు. అటువంటి సంప్రదాయంలో నుంచి వచ్చిన అడుగులు 1923 అక్టోబరులో 'రన్నిన్ వైల్డ్' అనే సంగీతనాటకం ద్వారా న్యూయార్క్ రంగస్థలం ఎక్కాయి. నటులందరూ నల్లజాతివారే. 'చార్ల్స్‌టన్' అనే పాటకు బాణీ కట్టినవాడు జేమ్స్ పి. జాన్సన్ అనే పియానో విద్వాంసుడు.

ఆ బాణీలోని కిటుకు ఛందస్సుతో పరిచయమున్నవారికి ఇట్టే పట్టుబడుతుంది. ఒక ఆవృత్తానికి ఎనిమిది మాత్రలనుకోండి. మామూలుగా దానిని నాలుగూ నాలుగుగా విరుస్తాము. చార్ల్స్‌టన్ దరువులో మొదటి దెబ్బ ఒకటో మాత్ర మీద పడుతుంది. రెండవది ఐదో మాత్ర మీద పడుతుందని చెవి ఎదురుచూస్తూ ఉండగానే, ఒక మాత్ర ముందుగా, నాలుగో మాత్ర మీదనే పడిపోతుంది. అంటే మూడూ ఐదూ. 'తకిట తకతకిట' అనుకుంటూ తొడ మీద తాళం వేసి చూడండి. త్రిశ్రం వెంటనే ఖండం. చతురశ్రపు చట్రం చెక్కుచెదరదు, లోపలి నడక మాత్రం మారిపోతుంది. కూర్చున్నవాడి మోకాలు తనంత తానే కదలడానికి ఆ ఒక్క మాత్ర తొందరే కారణమని నా నమ్మకం.

అడుగులు కూడా కష్టమైనవి కావు. ఒక పాదం వెనుకకు, ఒక పాదం ముందుకు. మడమలు లోపలికీ బయటికీ తిరుగుతుంటే చేతులు పాదాలకు ఎదురుగా ఊగుతాయి. నేర్చుకోవడానికి ఒక పూట చాలు. జతగా ఆడవచ్చు, గుంపుగా ఆడవచ్చు, ఒంటరిగానూ ఆడవచ్చు. ఆనాటి పెద్దలకు నచ్చనిది ఈ చివరిదే. అంతకుముందు వాల్ట్‌జ్ వంటి నాట్యాలలో పురుషుడు నడిపినట్టు స్త్రీ నడిచేది. ఇప్పుడు ఆడపిల్ల తానొక్కతే నేల మధ్య నిలిచి, పొట్టి గౌనులో, ఎవరి అనుమతీ అక్కరలేకుండా ఆడుతున్నది. 1925 జూలై 4 తెల్లవారుజామున బోస్టన్‌లో పిక్‌విక్ క్లబ్బు అనే నాట్యశాల కూలి 44 మంది మరణించినపుడు, చార్ల్స్‌టన్ అడుగుల అదురుకే భవనం కూలిందన్న మాట ఊరంతా వ్యాపించింది. పక్క స్థలంలో జరుగుతున్న తవ్వకాలు ఆ పాత భవనాన్ని బలహీనపరిచాయన్న సంగతి విచారణలో బయటపడింది. నేరం తవ్వకానిది, నింద నాట్యానిది.

1926 మార్చి 12న న్యూయార్క్ నగరపు నల్లవారి పేట అయిన హార్లెమ్‌లో, లెనాక్స్ వీధిలో, సవోయ్ బాల్‌రూమ్ అనే నాట్యశాల తెరిచారు. రెండు వాద్యవేదికలు. ఒక బృందం ఆపగానే రెండవది అందుకునేది. ఆ పేటలోనే ఉన్న కాటన్ క్లబ్బులో ఆడి పాడేవారు నల్లవారు, చూసేవారు మాత్రం తెల్లవారే. సవోయ్‌లో ఆ పట్టింపు లేదు. ఎవరైనా రావచ్చు, ఎవరితోనైనా ఆడవచ్చు. గురువారం రాత్రిని అక్కడ 'వంటింటి మెకానిక్కుల రాత్రి' అనేవారు. కలవారి ఇళ్ళలో వంటపని, ఇంటిపని చేసేవారికి ఆ రోజు సెలవు. వారమంతా ఒకరి గంట మోతకు పరుగెత్తిన కాళ్ళు ఆ రాత్రి తమ ఇష్టానికి కదిలేవి. సవోయ్ వెనుక వీధిలో పెరిగిన నార్మా మిల్లర్ అనే బాలిక కిటికీలో నుంచి వినబడే సంగీతానికి కాలిబాట మీద ఆడుతూ ఆడుతూ, పన్నెండేళ్ళ వయసులో లోపలికి అడుగుపెట్టి, ఆ నాట్యానికి రాణి అనిపించుకున్నది.

లిండీ హాప్ అక్కడ రూపు దిద్దుకున్నది. 1927లో అట్లాంటిక్‌ను ఒంటరిగా విమానంలో దాటిన లిండ్‌బర్గ్ పేరు మీదుగా ఆ పేరు వచ్చిందంటారు. చార్ల్స్‌టన్ అడుగులు ఇందులో కలిసిపోయాయి. జంట దగ్గరకు వచ్చి, చేయి చాచినంత దూరం విడిపోయి, ఆ విడిపోయిన నాలుగు క్షణాలలో ఎవరికి తోచినది వారు కల్పించి, తాళం తప్పకుండా మళ్ళీ కలవాలి. నాకు వెంటనే అవధానం స్ఫురించింది. గణాలు, యతి, ప్రాస ముందే నిర్ణయమై ఉంటాయి. పృచ్ఛకుడు ఏమడుగుతాడో తెలియదు. అవధాని అప్పటికప్పుడు పూరించాలి. ఇక్కడ జంటలో ప్రతివారూ ఒక క్షణం పృచ్ఛకులు, మరుక్షణం అవధానులు.

1935లో అక్కడి ఒక పోటీలో, 21 ఏళ్ళ ఫ్రాంకీ మ్యానింగ్ తన జోడీ ఫ్రీడా వాషింగ్టన్‌ను వీపు మీదుగా గాలిలో తిప్పి, సరిగ్గా దరువు మీద నేలకు దింపాడు. ఆకాశచారులనదగిన అడుగులు ఈ నాట్యంలో ఆనాటితో మొదలయ్యాయి. 1941లో 'హెల్జాపాపిన్' చలనచిత్రంలో ఆయన బృందం ఆడిన కొద్ది నిమిషాల నాట్యం ఇప్పటికీ చూసినవారిని నోరు తెరిపిస్తుంది. అందులో వారు ధరించినవి వంటవాళ్ళ, పనివాళ్ళ దుస్తులు. ఆనాటి తెర వారికిచ్చిన చోటు అంతే. తరువాత యుద్ధం వచ్చింది. కుర్రవాళ్ళు సైన్యంలోకి పోయారు. 1944లో నాట్యం జరిగే వినోదశాలల మీద ప్రభుత్వం 30 శాతం పన్ను వేసింది. జాజ్ సంగీతం కూడా ఆడటానికి కాక కూర్చుని వినడానికి తగినదిగా మారుతూ వచ్చింది. 1958లో సవోయ్ మూతపడింది. దాన్ని పడగొట్టి ఇళ్ళు కట్టారు. మ్యానింగ్ తపాలా శాఖలో ఉద్యోగానికి చేరి సుమారు 30 ఏళ్ళు ఉత్తరాల మధ్య గడిపాడు.

నన్ను పట్టుకున్న ఘట్టం ఇక్కడ ఉన్నది. 1980లలో స్వీడన్‌లోనూ, అమెరికాలోనూ కొందరు యువకులు ఆ పాత చిత్రాలను తిప్పి తిప్పి చూస్తూ ఈ నాట్యాన్ని నేర్చుకోబోయారు. పాదం ఎక్కడ పడుతున్నదో చిత్రంలో కనబడుతుంది. శరీరపు బరువు ఎటు ఒరిగిందో, కలిసిన రెండు చేతుల మధ్య లాగుడు ఎంతో కనబడదు. చివరికి 1986లో కాలిఫోర్నియా నుండి ఎరిన్ స్టీవెన్స్, స్టీవెన్ మిచెల్ అనే ఇద్దరు ఆచూకీ తీసి మ్యానింగ్‌ను చేరారు. డెబ్బై దాటిన ఆ తపాలా ఉద్యోగి మళ్ళీ నేల మీదికి దిగాడు. 1989లో ఒక సంగీతనాటకానికి నాట్యం కూర్చినందుకు టోనీ పురస్కారం పొందాడు. ఆ తరువాత రెండు దశాబ్దాలు దేశదేశాలు తిరిగి నేర్పాడు. 95వ పుట్టినరోజుకు నెల ముందు, 2009 ఏప్రిల్ 27న మరణించాడు. ఆయన పుట్టిన మే 26ను ఇప్పుడు ప్రపంచ లిండీ హాప్ దినంగా జరుపుకుంటున్నారు.

ఛందస్సు చెప్పి బ్రతికినవాడికి ఈ కథ ఊరికే చదివి పక్కన పెట్టేది కాదు. మత్తేభానికి లక్షణం ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. దాని నడక మాత్రం మా గురువుగారి గొంతులో ఉండేది. నేను ఉద్యోగం చేసిన చివరి సంవత్సరాలలో పద్యపఠనం పోటీకి ముగ్గురు పిల్లలు వస్తే గొప్ప. పరీక్షకు పనికిరాని పద్యం ఎందుకని తల్లిదండ్రులే అడిగేవారు. పదవీవిరమణ చేసిన రోజున, శాలువతో పాటు గొంతును కూడా మడిచి బీరువాలో పెట్టానేమో అనిపించింది. మూడేళ్ళ తరువాత, ఎన్నడూ చూడని ఒక కుర్రవాడు, వృత్తిరీత్యా సాఫ్టువేరు ఇంజనీరు, ఫోన్ చేసి, "మాస్టారూ, సీసం గణాలు లెక్కపెట్టడం వచ్చింది, చదవడం రావడం లేదు" అన్నాడు. నాలుగు పాదాలూ పాడి వినిపించాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తరువాత, "ఇంకొక్కసారి" అన్నాడు. మ్యానింగ్ గారికి ఆ ఫోన్ వచ్చినపుడు ఎట్లా ఉండి ఉంటుందో నాకు కొంత తెలుసుననుకుంటాను.

2019 వేసవిలో అమెరికాలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినపుడు ఈ నాట్యాన్ని కళ్ళారా చూశాను. న్యూయార్క్‌లో ఒక సాయంత్రం, ఆరుబయట, ముందు కొత్తవారికి పాఠం, తరువాత వాద్యబృందంతో నాట్యం. పాఠం చెప్పే అమ్మాయి జనంలోకి చేయి చాచి పిలుస్తున్నది. నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు కనుక కుర్చీ వదలలేదు. మా శ్రీమతి చెప్పులు విడిచి, కొంగు బొడ్లో దోపుకుని, "ఏమండీ, సంచి చూస్తూ ఉండండి" అని వెళ్ళిపోయింది. పెళ్ళికి ముందు ఆమె తన ఊళ్ళో రామాలయం ముందు కోలాటం ఆడేదని విని ఉన్నాను, చూడటం అదే మొదలు. చుట్టూ వలయం తిరుగుతున్నది, జోడీలు మారుతున్నారు, దరువు మీద అడుగు పడాలి. ఆమెకు కొత్తదనిపించినట్టు లేదు. ఎదుట ఉన్నవాడు ఆరడుగుల నల్లజాతి వృద్ధుడు. ఇద్దరికీ ఉమ్మడిగా ఒక్క భాషా లేదు. తాళం ఉన్నది, సరిపోయింది.

మరునాడు లెనాక్స్ వీధికి వెళ్ళాము. సవోయ్ ఉన్న చోట ఇళ్ళ సముదాయం నిలిచి ఉన్నది. 2002 మే 26న ఫ్రాంకీ మ్యానింగ్, నార్మా మిల్లర్ కలిసి ఆవిష్కరించిన ఫలకం ఒక్కటే అక్కడి ఆనవాలు. మేము వెళ్ళడానికి కొద్ది వారాల ముందే, ఆ మే నెలలోనే, మిల్లర్ కూడా కన్నుమూసింది.

ఇప్పుడు ఈ నాట్యం స్టాక్‌హోమ్‌లో ఉన్నది, సియోల్‌లో ఉన్నది. ఆడేవారిలో చాలామందికి హార్లెమ్‌తో రక్తసంబంధం లేదు. అది తప్పు కాదు. దేశి ఊరు దాటితేనే బ్రతుకుతుంది. కానీ డప్పు లాక్కున్నా లయను వదలనివారి పేర్లూ, గురువారం రాత్రి వంటమనుషుల పాదాలూ మరచి అడుగు మాత్రమే తీసుకుంటే అది అప్పు ఎగవేసినట్టే. ఆ ఉల్లాసం కష్టమెరుగనివారి ఉల్లాసం కాదు. కష్టం మధ్యలో, తమకంటూ మిగిలిన కొద్దిపాటి వేళలో చేసుకున్నది. అందుకే అది తేలికగా కనబడుతూనే ఇంత గట్టిగా నిలిచిందని నా అభిప్రాయం. ఎదుటి మనిషి లేనిదే లిండీ పూర్తి కాదు, ఎదుటి మనిషి లేనిదే అది చేతులు మారదు కూడా.

మీ ఇళ్ళలో, మీ ఊళ్ళలో, కోలాటమో, చెక్కభజనో, పద్యమో, ఏదో ఒకటి తెలిసిన పెద్దవారు ఉండే ఉంటారు. వారు తమంత తాము చెప్పరు. ఈ సంక్రాంతికి ఊరికి వెళ్ళినపుడు అడిగి చూడండి. ఏమి దొరికిందో ఇక్కడ వ్రాస్తే చదివి సంతోషిస్తాను.

సెలవు.