పంతులుగారి పటం

మా ఇంట్లో నట్టింటి గోడమీద టంగుటూరి ప్రకాశం పంతులుగారి పటం ఒకటి వుండేది. ఏదో పత్రికలోంచి కత్తిరించి, అట్టకు అంటించి, గాజు బిగించినది. పెట్టినవాడు మా తాతయ్య. ఇంటికి వచ్చినప్పుడల్లా దానివంక చూసి మొహం చిట్లించేవాడు మా బాబాయి. ఆ పటం గురించి తండ్రీ కొడుకుల వాదం నా చిన్నతనమంతా వింటూనే వున్నాను. అప్పుడు అర్థం కాలేదు. నలభై ఏళ్లు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయిన తరువాత ఇప్పుడు కొంచెం కొంచెంగా అర్థమవుతున్నది.

బడిలో చదివే రోజుల్లో ఒకసారి పంతులుగారి జయంతికి ఉపన్యాసం బట్టీ పట్టాను. 1928 ఫిబ్రవరి 3, మద్రాసు, సైమన్ కమిషన్ బహిష్కారం, పోలీసు తుపాకులు, వాటి ఎదుట తెరచి నిలిచిన రొమ్ము - అంతా చేతులు విసురుతూ ఇంట్లో ఒప్పజెప్పాను. తాతయ్య సాంతం విన్నాడు. "బాగానే చెప్పావురా అబ్బాయీ. శిస్తు సంగతి ఏదీ?" అన్నాడు.

శిస్తు సంగతి మా పుస్తకంలో లేదు.

మాది నెల్లూరు జిల్లాలో ఒక జమీ కింది వూరు. శిస్తు కట్టిన దాఖలాలు తాతయ్య గుడ్డలో మూటకట్టి దాచేవాడు. 1347 ఫసలీ నాటిది ఒకటి ఇప్పటికీ నా దగ్గర వున్నది. పక్కనున్న సర్కారు వూళ్లో అదే రకం మెట్టకు కట్టేదానికి రెండింతలు పైగా మావాళ్లు కట్టేవారని ఆయన చెప్పేవాడు. పశువులను మేపుకుంటే పుల్లరి. జమీవారి మనిషి వూళ్లోకి వస్తే బండి, గడ్డి, కోళ్లు సరేసరి.

1347 ఫసలీ అంటే 1937-38. సరిగ్గా ఆ కాలంలోనే మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో ప్రకాశంగారు రెవిన్యూ మంత్రి. ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన యాత్ర చేసిన రోజులవి. జమీందారీల పరిస్థితి విచారించడానికి వేసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. మంత్రులు కమిటీ వేసేది చాలాసార్లు పని వాయిదా వేయడానికి. ఈ కమిటీ మాత్రం 1938లో తేల్చి చెప్పింది: భూమికి యజమాని రైతు, జమీందారు శిస్తు వసూలు చేసి పెట్టే మనిషి. 1802 శాశ్వత పరిష్కారంలో జమీందారు సర్కారుకు కట్టే పేష్కష్ స్థిరపడినప్పుడే రైతు జమీందారుకు కట్టే శిస్తూ స్థిరపడిపోయింది. ఆపైన పెంచినదానికి న్యాయం లేదు. కనుక శిస్తులు ఆ పరిష్కారానికి ముందటి ఏటి స్థాయికి దిగాలి. మద్రాసులో బారిస్టరుగా పెద్ద ప్రాక్టీసు చేసి 1921లో దానిని వదులుకున్న మనిషి గనుక, చట్టాన్ని ఎక్కడ పట్టుకుంటే జమీ కదులుతుందో ఆయనకు తెలుసు.

శాసనసభ 1939లో ఆ నివేదికను ఆమోదించింది. చట్టం కాకముందే యుద్ధం వచ్చింది. అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. శిస్తు తగ్గింపు చట్టం 1947లో, జమీందారీ రద్దు చట్టం 1948లో గాని రాలేదు, అదీ జమీందారుకు నష్టపరిహారంతో. అప్పటికి పంతులుగారు గద్దెమీద లేరు. 1946 ఏప్రిల్‌లో మద్రాసు ప్రధానమంత్రి - అప్పట్లో అలాగే అనేవారు - అయిన ఆయనను సొంత పక్షంవారే 1947 మార్చిలో దించేశారు.

బాబాయి వాదం ఇక్కడ మొదలయ్యేది. "ఆ పదకొండు నెలల్లో ఆయన చేసిందేమిటో చెప్పు నాన్నా" అనేవాడు. చెప్పవలసింది 1947 జనవరి ఆర్డినెన్సు. విచారణ లేకుండా మనుషులను నిర్బంధించే అధికారం సర్కారుకు ఇచ్చిన ఆర్డినెన్సు. దానికింద కమ్యూనిస్టులను వరసగా పట్టుకున్నారు. ప్రజాశక్తి మీద దాడి జరిగింది. బాబాయిని ఎవరూ పట్టుకోలేదు, ఆయన పార్టీ సభ్యుడు కూడా కాదు. అయినా ఆ మాట ఎత్తితే గొంతు మారిపోయేది. పంతులుగారు 1951లో కాంగ్రెసు విడిచారు. 1952 ఎన్నికల తరువాత అదే కమ్యూనిస్టులతో కలిసిన ఐక్యసంఘటనకు నాయకుడై మంత్రివర్గం ఏర్పరుస్తానన్నారు. గవర్నరు రాజాజీని పిలిచాడు. మరుసటి ఏడు కాంగ్రెసు అండతో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. "ఆయన ఎవరి పక్కన నిలబడతాడో ఆయనకే తెలియదు" అని బాబాయి తీర్పు.

"శిస్తు తగ్గించమన్నవాడే గదరా" అనేవాడు తాతయ్య. అది జవాబు కాదని ఆయనకూ తెలుసు. ఆర్డినెన్సును ఒక మూలకు నెట్టి పంతులుగారి చరిత్ర రాయడం మనవాళ్లకు అలవాటయింది. తెలిసి చేసిన మనిషికి తెలియక చేశాడనే దయ అక్కర్లేదు.

కర్నూలు ప్రభుత్వం ఏడాది దాటి కొద్దినాళ్లు నడిచి, 1954 నవంబరులో మద్యనిషేధం సంగతిమీద ఒక్క ఓటుతో పడిపోయింది. ఆ తరువాతి జీవితం గురించి మనవాళ్లకు ఇష్టమైన మాట ఒక్కటే: బీదరికం. లక్షలు ఆర్జించిన బారిస్టరు స్వరాజ్య పత్రికకు ధారపోసి, చివరికి ఏమీ మిగుల్చుకోలేదని. నిజమే. కాని ఈ మాట ఎవరి నోట వింటున్నామో గమనించండి. ఆయన నివేదిక పేరైనా ఎత్తని మంత్రులు జయంతికి దండవేసి ఆయన బీదరికాన్ని తలచుకుని కళ్లు తుడుచుకుంటారు. పోయినవాడి బీదరికాన్ని పొగడటానికి ఖర్చేమీ లేదు. శిస్తు తగ్గించమంటే ఎవడికో ఒకడికి నష్టం వుంది. వాళ్లనని ఏం లాభం? నేనూ నలభై ఏళ్లు పిల్లలచేత రొమ్ము కథే చెప్పించాను, తాతయ్య అడిగిన ప్రశ్న జ్ఞాపకం వుండికూడా.

తాతయ్య అడగని ప్రశ్న ఒకటి వుంది. రైతు భూమికి యజమాని, సరే. ఆ రైతు పొలంలో అరక కట్టే మనిషి సంగతి? రద్దు చట్టంతో మా తాతయ్యకు పట్టా వచ్చింది. మా అరక కట్టినవాడు మాలపల్లె వాడు; అతనికి ఏమీ రాలేదు. అతని ఇంట్లో పంతులుగారి పటం లేదు. బాబాయి ఈ మాట కూడా అనేవాడు గాని కొంచెం మెల్లగా అనేవాడు. ఆ పట్టాలో ఆయనకూ వాటా వుంది.

1957 వేసవిలో, ఎనభైనాలుగేళ్ల వయసులో, ఒంగోలు దగ్గర ఒక హరిజనవాడకు వెళ్లి పంతులుగారు వడదెబ్బ తిన్నారు. హైదరాబాదు ఆసుపత్రిలో చేర్చారు. మే 20న పోయారు. వార్త వచ్చిన రోజు, తాతయ్యకు చదువు రాదు గనుక, పత్రిక చదివి వినిపించినవాడు బాబాయే. ఇది మా అమ్మ చెప్పింది. ఆర్డినెన్సు మాట ఎక్కడ వస్తుందోనని తాతయ్య కాచుకుని కూర్చున్నాడట. పత్రికలో అది లేదు. బాబాయి తనంతట తాను కలపలేదు. చదవడం ముగించి, భుజంమీది తువ్వాలుతో పటం గాజుమీద దుమ్ము తుడిచి, పొలానికి వెళ్లిపోయాడట.