గోడల లెక్క

అద్దెకున్నవాడికి ఓనరు కష్టాలు తెలియవు, ఓనరైనవాడికి అద్దె రోజులు గుర్తుండవు అని మా అమ్మ అంటూండేది. ఆ రెండో మాట నాకే తగులుతుందని 2024 మే నెల దాకా నేననుకోలేదు.

చెన్నై పెరంబూరులో మా మేడమీద వాటాలో నెల్లూరు వైపు నుంచి వచ్చిన దంపతులు మూడేళ్ళున్నారు. అద్దె 12,000. అడ్వాన్సు మూడు నెలలది, 36,000. ఖాళీ చేసే ముందురోజు నేను మామూలుగానే, "పెయింటింగుకి ఒక నెల అద్దె పట్టుకుంటానమ్మా" అన్నాను. ఈ ఊళ్ళో చాలామంది చేసే పనే కదా!

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "బాబాయిగారూ, ఆ డబ్బు కొత్త ఇంటి అడ్వాన్సుకి కట్టాలండీ. మేం పాడుచేసిందేదన్నా ఉంటే చూపించండి, దానికి పట్టుకోండి" అంది.

నాకు చురుక్కుమంది. "చూద్దాంలే" అని కిందికి దిగొచ్చాను.

జరిగింది విని మా ఆవిడ, "అయనావరంలో మన సామాను బండి గుర్తుందా?" అంది.

ఎందుకు గుర్తుండదు? 1987లో బండి వీధిలో నిలబడి ఉండగా, అప్పటి ఓనరు సున్నానికని 400 రూపాయలు పట్టుకున్నాడు. మేం దిగేనాటికే ఆ గోడలు పెచ్చులూడుతున్నాయి. ఆ నెల పెద్దవాడి స్కూలు ఫీజుకి ఆఫీసులో చేబదులు అడిగాను. ఆయన్ని ఎన్ని తిట్టుకున్నానో!

రాత్రి అగ్రిమెంటు తీశాను. అందులో పెయింటింగు ఊసే లేదు. 1960 నాటి పాత చట్టం స్థానంలో తమిళనాడులో కొత్త అద్దె చట్టం 2019 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే ఏ మరమ్మతు ఎవరిదో దానిలో పట్టికే ఉంది. గోడలకి వెల్ల, తలుపులకీ కిటికీలకీ రంగు, నీళ్ళ గొట్టాలు, కరెంటు వైరింగు ఓనరు వంతు. కొళాయిలు, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు అద్దెకున్నవాళ్ళ వంతు. రావలసినవి మినహాయించుకుని, ఖాళీ చేసిన నెలలోగా అడ్వాన్సు తిరిగివ్వాలి. తగువు తేలకపోతే రెంట్ అథారిటీ, రెంట్ కోర్టు ఉన్నాయి. మేడ మెట్లెక్కితే తేలేదానికి అంతదూరం దేనికి?

పొద్దున్నే నోటుపుస్తకం పట్టుకుని పైకెళ్ళాను. ముగ్గురం కలిసి గదిగదీ తిరిగాం. మూడేళ్ళకి రంగు వెలవడం సహజం, అది నా ఖర్చు. స్నానాలగదిలో కొళాయి విరిగింది. హాల్లో ఒక గోడనిండా వాళ్ళ బాబు క్రేయాన్లతో రైలుబండి గీశాడు. అవి మావేనని వాళ్ళే చెప్పారు. కొళాయికి 450, ఆ గోడకి 1,400. మొత్తం 1,850 పోగా 34,150 అప్పుడే ఇచ్చేశాను. లెక్క రాసిన కాగితంమీద ఇద్దరం సంతకాలు పెట్టాం.

ఇప్పుడు ఎవరు దిగినా తాళం చేతికిచ్చే ముందే వాళ్ళతో కలిసి ఇల్లంతా చూస్తాను. ఫ్యాన్లు, కొళాయిలు, గోడలమీది మరకలు, మీటరు రీడింగు రాసి, ఫోటోలు తీసి, చెరో ప్రతి ఉంచుకుంటాం. పెయింటింగు ఎవరిదో అగ్రిమెంటులోనే రాస్తాం. అరగంట పని.

వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి మా ఆవిడ దగ్గర బొట్టు పెట్టించుకుని వెళ్ళింది. అయనావరం వదిలినప్పుడు మేం ఆ ఇంటివైపు తిరిగి కూడా చూడలేదు.