సందు

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు మొన్న సెలవులకు వచ్చి నాకొక కొత్తమాట నేర్పాడు: 'రెట్టుంగ్స్‌గాస్సె'. తెలుగు మేష్టర్ని గనక మాటను విడగొట్టి చూడందే నిద్రపట్టదు. 'రెట్టుంగ్' అంటే రక్షణ, 'గాస్సె' అంటే సందు.

అక్కడి పెద్ద రహదారులమీద బళ్ళు నెమ్మదించగానే, ఇంకా ఆగకముందే, ఎడమకొస వరసవాళ్ళు ఎడమకూ, తక్కినవాళ్ళంతా కుడికీ ఒదగాలిట.

"కుడిచెయ్యి బోర్లించి చూడు మామయ్యా! బొటనవేలు ఎడమ వరస, మిగతా వేళ్ళు తక్కిన వరసలు. నడుమ ఉన్నదే అంబులెన్సు దారి" అన్నాడు.

అక్కడ అందరూ బుద్ధిమంతులే అనుకోకండి. 2017 జూలైలో మ్యూంచ్‌బెర్గ్ దగ్గర బస్సు తగలబడి 18 మంది పోయారు. సాయానికి పరుగెత్తేవాళ్ళకు దారి ఇవ్వనివాళ్ళు అక్కడా ఉన్నారు. ఆ ఏడే జరిమానా 20 యూరోలనుంచి కనీసం 200 చేశారు.

మన చట్టంలోనూ 2019 సవరణతో 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలలదాకా జైలూ చేర్చారు. కాని మనకు సందంటే దూరడానికే! అంబులెన్సుకు దారి దొరికిందో లేదో, దాని తోక పట్టుకుని పది స్కూటర్లు!

లోపల ఉన్నది ఎవరో పరాయివాళ్ళే అనుకుంటాం. మనింటికి రావలసినవాళ్ళు వేళకు రాని సాయంత్రం మాత్రం ఆ సైరను వేరుగా వినిపిస్తుంది.